మార్చి ఎనిమిదో తేదీ తలుపులు

(పద్నాలుగో భాగం)

పోయిన వారం మనం స్టానోయ్కాను తిహోమిర్ షెడ్డు వాకిట్లో, చేతిసంచీని గుండెకు అదుముకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. ఇవాళ శనివారం, పొద్దున్న తొమ్మిదిన్నర. ఆమె మళ్ళీ అక్కడే ఉంది. పొయ్యి కట్టేశానా లేదా అని దారిలో రెండుసార్లు ఇంటికి తిరిగి వెళ్ళి చూసుకుంది. మూడోసారి అనుమానం వచ్చినప్పుడు మాత్రం, కాలిపోతే కాలిపోనీ అనుకుని ముందుకే నడిచింది.

షెడ్డులో కర్ర దిమ్మెల మీద ఎక్కించి ఉన్న ఆ ఆకుపచ్చ సెనిట్సా కారు తన కొడుకుదేనని ఆమె నమ్మకం. పదమూడేళ్ళ కిందట, దేశం ముక్కలై యుద్ధం మొదలైన ఏడు, పందొమ్మిదేళ్ళ రాదెన్కో అలాంటి కారులోనే ఊరు దాటాడు. "ఆదివారానికి వచ్చేస్తానమ్మా" అన్నాడు. ఉత్తరం లేదు, ఫోను లేదు, చచ్చాడన్న కబురూ లేదు. ఇప్పుడు నోవీ సాద్ పట్నం నుంచి ఇంజనీరు అర్సెనియే అనే పాత కార్ల పిచ్చాయన ఈ కారును లారీ మీద తెచ్చి, కొత్తదానిలా చేసిపెట్టమని తిహోమిర్‌కు అప్పగించాడు. నంబరు రేకు లేదు. ఇంజను మార్చేశారు. ఎవరి దగ్గర కొన్నారని అడిగితే ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇది మీ కారేనని రుజువు చూపించండి, ఆ నిమిషంలోనే చెప్తాను. లేకపోతే నా బేరాల సంగతి దారిన పోయేవాళ్ళకు చెప్పే అలవాటు నాకు లేదు" అన్నాడు.

పదకొండింటికి బండి వస్తుంది. కారును ఇసుక కొట్టించడానికి తీసుకుపోతుంది. యంత్రంతో ఇసుక చిమ్మి కొడితే రంగు, తుప్పు, గీత, రాత అన్నీ పోయి వట్టి ఇనుము మిగులుతుంది. స్టానోయ్కాకు ఉన్నది గంటన్నర.

"తిహోమిర్, ఒక్క తలుపు. కుడిచేతి ముందు తలుపు. లోపలి అట్ట ఊడదీసి చూపించు చాలు" అంది ఆమె.

తిహోమిర్ నడుం వంచి కారు కింద ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, బక్కపలచగా ఉంటాడు. మాట్లాడే ముందు ఒకసారి, మాట్లాడాక ఒకసారి దగ్గుతాడు.

"యజమాని తాకొద్దన్నాడు."

"యజమాని నిన్ను మొత్తం కారే ఊడదీయమన్నాడు కదయ్యా!"

"సోమవారం నుంచి. తలుపుల అట్టలు ఇసుక కొట్టేచోట వాళ్ళే ఊడదీస్తారు. ఏ పని ఏ వరసలో చెయ్యాలో నాకు తెలుసు, ఇన్‌స్పెక్టరు గారూ."

ఆ చివరి మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె తనిఖీదారుగా చేసిన ఊరి కార్ల ఫ్యాక్టరీ మూతపడి నాలుగేళ్ళయినా, ఆమె పెన్షను తీసుకుని పన్నెండేళ్ళయినా, ఆ ఊళ్ళో ఆమెను ఇన్‌స్పెక్టరు గారని పిలిచేది ఇతనొక్కడే. మర్యాద కోసం మాత్రం కాదు.

లోపలి గుమ్మంలోంచి తిహోమిర్ భార్య దెసాంకా కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. లావుపాటి మనిషి. నడకలో తొందర లేదు, నోట్లో మాత్రం ఎప్పుడూ తొందరే.

"తాగు అక్కా. విషం కలపలేదులే. కలుపుదామనుకున్నా, పంచదారే లేదు, ఇంక విషం ఎక్కడ తేను."

"దెసాంకా, నువ్వైనా చెప్పు ఇతనికి."

"నేను చెప్తే వినేవాడైతే ఈ పాటికి మా ఇంటి కప్పు కురవడం మానేసేది." దెసాంకా కారు బానెట్టు మీద కప్పు పెట్టబోయి, మొగుడి చూపు చూసి, స్టూలు మీద పెట్టింది. "అయినా ఆ తలుపులో ఏముందక్కా? నిన్నటి నుంచీ తలుపూ తలుపూ అంటున్నావు."

ఏముందో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో స్టానోయ్కాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా అక్కడ మొదలుపెట్టకుండా తప్పించుకుంటూ బతికింది.

"నేను చెప్తాను ఏముందో," అన్నాడు తిహోమిర్, లేచి నిలబడి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "రెండు బెజ్జాలున్నాయి. ఉండకూడని చోట. తారు పెట్టి మూసేసినవి. చూడకుండానే చెప్తాను, ఎందుకంటే వేసింది నేనే. మార్చి ఎనిమిది, డెబ్భై నాలుగు, రెండో షిఫ్టు. ఇదొక్కటే అనుకుంటున్నావా? నలభై నాలుగు తలుపులకు వేశాను ఆ పూట. నలభై నాలుగు కార్లు. అందులో ఇది నీదని బెజ్జాలు లేచి సాక్ష్యం చెప్తాయా?"

ఆ రోజు సంగతి ఆ ఊళ్ళో ఫ్యాక్టరీ తిండి తిన్న ప్రతి ఇంటా అందరికీ తెలుసు. మహిళా దినోత్సవం. మధ్యాహ్నం రెండు కాగానే ఆడవాళ్ళందరికీ తలో ఎర్రపువ్వు ఇచ్చి క్యాంటీనుకు విందుకు పంపేవారు. వాళ్ళ పని మగవాళ్ళు చేయాలి, అది ఏటా ఒక వేడుక. రేకులు వంచే ప్రెస్సింగు సెక్షను నుంచి వచ్చిన మోటు చేతులు సీట్ల కుట్లు బిగిస్తుంటే చూసి ఇంకో వారం దాకా నవ్వుకునేవారు. ఆ పూట తయారైన బళ్ళలో ఏదో ఒక తేడా ఉండేది. వాటికి ఊళ్ళో 'పువ్వుల బళ్ళు' అని పేరు. కానీ డెబ్భై నాలుగులో జరిగినది తేడా స్థాయి దాటిపోయింది. కుడి తలుపుల మీద, చెయ్యి ఆనించుకునే హ్యాండ్‌రెస్టు బిగించడానికి వేసే బెజ్జాలు మొత్తం తలకిందులు. కింది నుంచి జానెడు ఎత్తున ఉండాల్సినవి పై నుంచి జానెడు దిగువన పడ్డాయి. మర్నాడు హ్యాండ్‌రెస్టు బిగించబోతే అది కూర్చున్నవాడి చంక కిందికి వచ్చింది.

నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. నవ్వని మనిషి తిహోమిర్. అతన్ని పోత సెక్షనుకు, ఆ కొలిమి పొగలోకి మార్చారు. పదకొండేళ్ళు అక్కడే. ఫ్యాక్టరీ కట్టిస్తున్న ఫ్లాట్ల జాబితాలో ఆరో పేరుగా ఉన్నవాణ్ణి కొట్టిపారేశారు.

"పన్నెండేళ్ళక్కా," అంది దెసాంకా, ఇప్పుడు గొంతులో వేళాకోళం లేదు. "ఒక్క గదిలో, మా అత్తగారితో. మధ్యలో దుప్పటి కట్టుకుని. ఆవిడ నిద్దట్లో నా పేరు పెట్టి తిట్టేది. ఇద్దరు పిల్లల్ని ఎట్లా కన్నామో ఆ దేవుడికే తెలియాలి."

"చాల్లే" అన్నాడు తిహోమిర్.

"ఏం చాల్లే? ఆ రిపోర్టు రాసింది ఎవరు? ఈవిడే కదా. 'కార్మికుడు తిహోమిర్ ఎవరినీ అడగకుండా, తన ఇష్టం వచ్చినట్టు...' నాకు నోటికొచ్చు ఆ కాగితం."

స్టానోయ్కా గోడ మీది గడియారం చూసింది. పది దాటి అయిదు. చేతిసంచీ తెరిచి, అందులో ఏముందో చూసి, మూసేసింది.

"తిహోమిర్. బెజ్జాలు కాదు. బెజ్జాల పక్కన నేనొక అంకె రాశాను. మర్నాడు శనివారం పొద్దున్న ఆ నలభై నాలుగు తలుపుల్నీ నేనే తనిఖీ చేశాను. ఒక్కోదాని మీద నీలం మైనపు పెన్సిలుతో వరస అంకె వేసి, మళ్ళీ బెజ్జాలు వేయమని పంపాను. మా ఆయన వెలిమిర్ సిబ్బంది వాటా కింద తెచ్చుకున్నది పదిహేడోది. ఎనభై మూడులో కిటికీ అద్దం జారిపోతే ఆయన అట్ట ఊడదీశాడు. అప్పుడు మా రాదెన్కోకి పదకొండేళ్ళు. 'అమ్మా ఇది నీ రాతే' అని ఎగిరాడు. సొరుగులోంచి అదే నీలం పెన్సిలు తెచ్చి, నా పదిహేడు కింద వాడి పేరు రాసుకున్నాడు. పక్కన ఆ కారుకు పేరిచ్చిన సెనిట్సా పిట్టని గీశాడు, కోడిలా వచ్చింది. నలభై నాలుగింట్లో ఆ పేరున్న తలుపు ఒక్కటే."

తిహోమిర్ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత మళ్ళీ వేళ్ళ సందులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్ళు.

"నేను తియ్యను" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకంటే నీ రాతల మీద నాకు నమ్మకం లేదు. నీ రాత ఒకటి చూశాను నేను. జీవితానికి సరిపోయింది." దగ్గాడు. "ఆ రోజు రెండింటికి గేటు దగ్గర నిన్ను అడిగానా లేదా? చెప్పు. నా మొహం చూసి చెప్పు. నువ్వు నీలం గౌను వేసుకున్నావు, పువ్వు ఇక్కడ గుచ్చుకున్నావు. అచ్చు చేతిలో పట్టుకునే వచ్చాను నేను. దానికి ఒక కొసన ఎర్ర ఊలు చుట్టి ఉంది. 'స్టానోయ్కా, ఈ ఎర్ర కొస పైకా కిందికా' అని అడిగానా?"

అచ్చు అంటే తలుపు మీద ఆనించి బెజ్జాలు వేసే ఇనప పలక. ఎటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది. స్టానోయ్కా కింద పనిచేసే ఆడవాళ్ళు, ప్రతిసారీ తిప్పి తిప్పి చూసుకోలేక, పైకి ఉండవలసిన కొసకు ఎర్ర ఊలు చుట్టుకున్నారు. పనిముట్ల మీద సొంత గుర్తులు పెట్టకూడదని ఫ్యాక్టరీ నిబంధన. ఊలు తన ఇంటి నుంచి తెచ్చింది స్టానోయ్కానే. పసివాడైన రాదెన్కోకు దిష్టి తగలకుండా మణికట్టుకు కట్టగా మిగిలిన ముక్క అది.

ఆమెకు గేటు కనబడింది. క్యాంటీనులోంచి వస్తున్న అకార్డియన్ పాట వినబడింది. నలుగురు స్నేహితురాళ్ళు చెయ్యి పట్టుకు లాగుతున్నారు. ముప్పై ఆరేళ్ళ వయసు, ఏడాదికి ఒక్క పూట సెలవు.

"అడిగావు" అంది.

దెసాంకా చేతిలో పళ్ళెం చిన్నగా చప్పుడైంది.

"అడిగావు. నేను 'పైకి, పైకి' అన్నాను. నీ మొహం కూడా చూడలేదు. మాకు ఎప్పుడూ పైకే. ఎందుకంటే తలుపులు గొలుసుకు తలకిందులుగా వేలాడుతూ వచ్చేవి మా దగ్గరికి. ఏళ్ళ తరబడి అలాగే చూసి చూసి, తలుపంటే తలకిందులుగానే ఉంటుందని అలవాటైపోయింది. ఆ రోజు మధ్యాహ్నం గొలుసు తెగింది. మీకు తలుపుల్ని నిలువుగా, తోపుడు బళ్ళ మీద తెచ్చి ఇచ్చారు. ఆ సంగతి నాకు తెలియదు. శనివారం పొద్దున్న మొదటి తలుపు చూడగానే తెలిసింది. మొత్తం అర్థమైంది నాకు. తప్పు నీది కాదు, నాది. ఊలు నాది, మాట నాది."

"మరి?" అన్నాడు తిహోమిర్.

"మరి ఏముంది. డైరెక్టరు నా ముందు కాగితం పెట్టాడు. ఊలు సంగతి చెప్తే నా ఉద్యోగం పోతుంది, నా కింది ఆడవాళ్ళు ఆరుగురికీ జరిమానా. చంటివాడు ఇంట్లో. మూడు నిమిషాలు ఆలోచించానేమో. ఊలు విప్పేసి జేబులో వేసుకున్నాను. రాసేశాను. సంతకం పెట్టేశాను."

రోడ్డు మీద ఏదో ట్రాక్టరు వెళ్ళింది. స్టానోయ్కా కూర్చోలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం.

"సంతకాలు పెట్టడం నాకు అలవాటయ్యా. తొంభై ఒకటిలో సైన్యంలో చేరమనే కాగితం తెచ్చినవాడు తలుపు కొట్టాడు. మా మేడలో మిగతా తల్లులందరూ 'మావాడు ఇంట్లో లేడు, ఎక్కడున్నాడో తెలియదు' అని తలుపులు వేసుకున్నారు. నేను కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మొత్తం చదివి, అందినట్టు సంతకం పెట్టి ఇచ్చాను, ఇక వాడు వెళ్ళక తప్పదు. వెనక గదిలోంచి వచ్చి రాదెన్కో చూశాడు. 'ఎందుకు పెట్టావమ్మా' అన్నాడు, అంతే. కోప్పడలేదు. నాలుగు రోజుల తర్వాత బండి తీసుకుని వెళ్ళాడు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా, పోయేదాకా." ఆమె చేతిసంచీ నేల మీద పెట్టింది. "కావాలంటే ఇప్పుడే రాసిస్తాను. డెబ్భై నాలుగు సంగతి అంతా. ఊళ్ళో ఎక్కడ అంటించుకున్నా సరే. ఆ తలుపు తియ్యి తిహోమిర్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది. దెసాంకా పళ్ళెం విసిరేసినంత పని చేసి ఆమె చంకల కింద చేతులు వేసి లేపింది.

"లే అక్కా, లే. ఆ వయసులో వంగితే మళ్ళీ లేపడానికి క్రేను కావాలి." మొగుడి వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం పోట్లాటకు వచ్చినట్టే ఉంది. "ఇంకేం కావాలి నీకు? ముప్పై ఏళ్ళ నుంచీ తాగిన ప్రతిసారీ, 'ఆవిడ నోటితో ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, నేను హాయిగా చచ్చిపోతాను' అన్నావా? ఒప్పుకుంది. చచ్చే ముందు ఆ తలుపు తీసి చావు!"

"దెసాంకా, నీకు తెలియదు..."

"నాకేం తెలియదు? ఎక్కడ స్క్రూడ్రైవరు?"

"నీకు తెలియదు అంటున్నాను!"

తిహోమిర్ అలా అరవడం స్టానోయ్కా ఎన్నడూ వినలేదు. దెసాంకా కూడా విన్నట్టు లేదు. ఒక అడుగు వెనక్కి వేసి, మొగుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, తనకు అందిన పెద్ద స్క్రూడ్రైవరు తీసుకుని కారు వైపు నడిచింది. అతను అడ్డం రాలేదు. స్టూలు మీద కూలబడి, కాఫీ కప్పు తీసి, తాగకుండా చేతుల్లో పట్టుకున్నాడు.

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. అద్దం తిప్పే పిడి ఊడింది. హ్యాండ్‌రెస్టు మరలు రెండూ తుప్పు పట్టి ఉంటాయనుకుంటే చాలా సులువుగా వచ్చేశాయి. దెసాంకా అట్ట అంచు కింద స్క్రూడ్రైవరు దూర్చింది. లోపలి క్లిప్పులు ఒకటొకటిగా టప్పు టప్పుమని విడిపోయాయి. స్టానోయ్కా కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. తొమ్మిది ఉండాలి. తొమ్మిదీ అయ్యాయి.

కళ్ళు తెరిచింది.

పైన, కిటికీ అంచుకు జానెడు దిగువన, రెండు నల్లటి తారు చుక్కలు. తప్పు బెజ్జాలు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఎండిన ద్రాక్షపళ్ళలా అతుక్కుని ఉన్నాయి. ఆమె చెయ్యి చాపి వాటి పక్కన వెతికింది. ఎడమ పక్కన, తన చేయి అలవాటుగా రాసే చోట.

అక్కడ ఏమీ లేదు.

ఏమీ లేకపోవడమూ కాదు. తలుపు లోపలి ఇనుమంతా బూడిద రంగు దుమ్ము, జిడ్డు. ఆ ఒక్క చోట మాత్రం అరచేయి అంత మేర తళతళ మెరుస్తోంది. ఆమె వంగి ముక్కు దగ్గరగా పెట్టింది. రంగు కరిగించే థిన్నరు వాసన. పాతది కాదు. నిన్నటిదో మొన్నటిదో.

అట్ట ఎందుకంత సులువుగా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. తిహోమిర్ కప్పులోకి చూస్తున్నాడు.

"తుడిచావు" అంది. "నువ్వే తుడిచావు. నా కొడుకు పేరు తుడిచేశావు. పగ తీర్చుకున్నావా? నన్ను ఊళ్ళో నిలబెట్టి ఉమ్మేయాల్సింది. నా ఇంటికి నిప్పు పెట్టాల్సింది. వాడేం చేశాడు నీకు? తిహోమిర్, వాడేం చేశాడు?"

"నువ్వేనా?" అంది దెసాంకా. స్క్రూడ్రైవరు ఇంకా చేతిలోనే ఉంది. "మాట్లాడవేం? ముప్పై ఏళ్ళు నీ పక్కన పడుకున్నది ఇలాంటి మనిషి పక్కనా నేను?"

"పగే అయితే బాగుండు" అన్నాడు తిహోమిర్.

దగ్గు వచ్చింది. ఆగేదాకా ఇద్దరాడవాళ్ళూ నిలబడే ఉన్నారు.

"మొన్న సోమవారమే అట్ట ఊడదీశాను. పేరు చూశాను. పిట్టని కూడా చూశాను, కోడిలాగే ఉంది. నీ మీద నాకున్న కోపమంతా ఆ పిట్టని చూడగానే ఎటు పోయిందో తెలియలేదు స్టానోయ్కా, దేవుడి మీద ఒట్టు. చెప్పులు కూడా వేసుకోకుండా మీ ఇంటికి పరిగెత్తుదామనుకున్నాను. మళ్ళీ ఆగాను. ఉత్త తలుపు తీసుకెళ్ళి నీ చేతిలో పెడితే ఏం లాభం, మనిషి ఏమయ్యాడో కనుక్కుని వెళ్దాం అనుకున్నాను. డిక్కీ తాళంచెవి సంగతి అడగడానికని అమ్మినవాళ్ళ ఫోను నంబరు ఇంజనీరు నాకు ఇచ్చి ఉన్నాడు. చేశాను."

స్టానోయ్కా కారు తలుపు పట్టుకుంది.

"వాడే ఎత్తాడు. బయటివాళ్ళకు చెప్పే వేరే పేరేదో చెప్పాడు. 'నువ్వు స్టానోయ్కా కొడుకు రాదెన్కోవి కదా బాబూ' అన్నాను. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. పెట్టేశాడేమో అనుకున్నాను. తర్వాత అడిగాడు, 'ఆ రాత ఇంకా ఉందా' అని. ఉంది అన్నాను. 'తుడిచేయండి, ఆమెకు చెప్పొద్దు. ఆమె వస్తే నేను ఇక్కణ్ణుంచి కూడా వెళ్ళిపోవాల్సి వస్తుంది' అన్నాడు. మాటివ్వమన్నాడు. ఇచ్చాను. ఏం చెయ్యను, నువ్వు చెప్పు, నేనేం చెయ్యాలి?"

బతికే ఉన్నాడు. ఆ మాట ఇంకా ఎవరూ అనలేదు, కానీ షెడ్డంతా ఆ మాటే నిండిపోయింది. స్టానోయ్కా ఏడవలేదు. ఏడవడానికి ఇంకా చోటు దొరకలేదు ఆమెకు. వచ్చిన మొదటి ఆలోచన చాలా చిన్నది, ఆమెకే సిగ్గనిపించింది.

"గొంతు ఎలా ఉంది?"

"ఏంటి?"

"వాడి గొంతు. ఆరోగ్యంగా ఉందా? చలికాలం వాడికి గొంతు పట్టేస్తుంది."

తిహోమిర్ తల దించుకున్నాడు. "బాగుంది. మగాడి గొంతు."

"ఎంత దూరం?"

"సుబోటిత్సా దగ్గర. కారులో మూడు గంటలు."

మూడు గంటలు. పదమూడేళ్ళుగా మూడు గంటలు.

బయట బండి వచ్చి ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది. దెసాంకా వాకిట్లోకి వెళ్ళి, "ఆగవయ్యా, ఇక్కడేం పెళ్ళి ముహూర్తం దాటిపోవట్లేదు!" అని కేకేసి, తలుపు మూసి వచ్చింది. మొగుడి చొక్కా జేబులోకి చెయ్యి పెట్టి, ఆ ఫోను నంబరున్న, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని, వదిలేశాడు.

"మాటిచ్చింది నువ్వు," అంది దెసాంకా. "నేనివ్వలేదు."

షెడ్డు మూల గోడకు నల్ల ఫోను ఉంది. స్టానోయ్కా కళ్ళజోడు పెట్టుకుంది. అంకెలు సరిగ్గానే కనిపిస్తున్నాయి, అయినా ఒకటికి రెండుసార్లు చదువుకుంది. వెళ్ళిపోవాల్సి వస్తుంది, అన్నాడు. ఈ ఫోను చేస్తే ఇంకోసారి పోగొట్టుకుంటుందేమో. చేయకపోతే, తెలిసి తెలిసి, బతికినన్నాళ్ళూ మూడు గంటల దూరంలో కూర్చోవాలి. ఏమీ మాట్లాడను, గొంతు విని పెట్టేస్తాను అనుకుంది. ఒక్క 'హలో' చాలు. వేలు డయల్లో పెట్టి తిప్పింది.

నాలుగుసార్లు మోగింది. అయిదోసారి ఎవరో ఎత్తారు.

వాడు కాదు. ఆడమనిషి. ముసలి గొంతు, తన వయసే ఉంటుంది, సుబోటిత్సా వైపు యాస.

"హలో? ఎవరండీ? హలో? మాట్లాడరేం?"

స్టానోయ్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అవతలావిడ ఫోను పక్కకు పెట్టి, ఇంట్లోకి కేకేసింది, ఏ జంకూ లేకుండా, ఎన్నో ఏళ్ళుగా సొంత కొడుకును కేకేస్తున్నట్టు.

"రాదెన్కో! నాన్నా, ఇటురా. ఎవరో ఫోను చేసి ఊపిరి పీలుస్తున్నారు, పలకట్లేదు."

ఎక్కడో లోపల్నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. తర్వాత, పదమూడేళ్ళ తర్వాత, ఆ గొంతు వచ్చింది. నిజమే, బాగానే ఉంది. మగాడి గొంతు.

"పెట్టెయ్యకమ్మా," అంటోంది ఆ గొంతు అవతలావిడతో. "ఇలా ఇవ్వు. నేను మాట్లాడతాను."